మూలకంఠం

2081 నాటికి సముద్రం కాకినాడలోకి మూడు వీధుల మేర చొరబడింది. తీర కంఠ వైద్యశాల వెయిటింగ్ హాల్లో గోల ముందు ఆ సముద్రపు హోరు కూడా దిగదుడుపే. ఒకప్పుడు ఊరు మొత్తం మీద అంత నిశ్శబ్దంగా ఉండే చోటు ఇంకొకటి లేదు. నత్తి ఉన్న పిల్లలు, వినపడని పిల్లలు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలు, గుటక పడక ముక్కులోంచి గొట్టం వేయించుకున్నవాళ్లు, అందరూ గోడకేసి చూస్తూ కూర్చునేవారు. వాళ్ల తరఫున వెంట వచ్చినవాళ్లే మాట్లాడేవారు. ఇప్పుడు పిల్లలు కుర్చీలెక్కి అరుస్తున్నారు. ప్రతి మెడకూ వేలెడు వెడల్పున్న బూడిదరంగు పట్టీ. "వీళ్లకి మాటలు ఎందుకు తెప్పించాం దేవుడా" అని నర్సు రోజుకోసారైనా తల పట్టుకుంటుంది.

ఆ పట్టీ పేరు ధార.

అది చేసే పని అర్థం కావాలంటే ముందు గొంతు సంగతి తెలియాలి. మనిషి ఒక మాట అనడానికి పావు సెకను ముందే గొంతు కండరాలు ఆ మాటకు సిద్ధమైపోతాయి, పెళ్లివారు దిగకముందే విస్తళ్లు వేసి ఉంచినట్టు. నత్తి ఉన్నవారికి ఆ సిద్ధమయ్యే చోటే తాళం పడుతుంది. మాట తెలుసు, అనాలని ఉంది, గొంతు మాత్రం తలుపు తీయదు. ధారలోని సెన్సర్లు ఆ తాళాన్ని పడకముందే పసిగట్టి, చర్మం మీద చీమ నడిచినంత సన్నని కంపనం పంపి, కండరాన్ని సడలించి, సాఫీగా ఉండే దారిలోకి నడిపిస్తాయి. నిజానికి మొదట దీన్ని తయారుచేసింది మింగడం కోసం. పక్షవాతం వచ్చినవారికి గుటక వేసే వేళకు గాలిగొట్టం మూత పడక, తిన్న మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఆ మూతను సమయానికి వేయించిన పట్టీయే రెండేళ్లు తిరిగేసరికి మాటకు కూడా పనికొచ్చింది.

అయితే సాఫీ దారి ఏదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఏ ఇబ్బందీ లేని గొంతును ఒకదాన్ని దానికి నమూనాగా చూపించాలి. ఆ నమూనాకు ప్రయోగశాలవాళ్లు పెట్టుకున్న పేరు మూలకంఠం.

ధారను కనిపెట్టినావిడ డాక్టర్ వానపల్లి. యాభై రెండేళ్లు. ఇంటిపేరుతోనే లోకానికి తెలుసు. అసలు పేరు ఎవరైనా అడిగితే "వానపల్లి చాలండి, అందులోనే వాన ఉంది, ఊరుంది, ఇంకేం కావాలి" అని నవ్వి దాటేసేది. ఆవిడ తెలుగంటే అందరూ చెవి కోసుకుంటారు. పిల్లల్ని 'చిన్నారులు' అంటుంది. పాలను 'క్షీరం' అంటుంది. కొత్తగా వచ్చిన రోగిని "నీ నామధేయం ఏమిటి తల్లీ" అని అడుగుతుంది. భాషాభిమానులు రెండుసార్లు పిలిచి శాలువా కప్పారు. కప్పించుకున్న రెండుసార్లూ ఆవిడకు భూమి చీలితే బాగుండుననిపించింది.

ఎందుకంటే అది భాషాభిమానం కాదు. ఐదో ఏట నుంచి ఆవిడ గొంతుకు 'ప' దగ్గర తాళం పడుతుంది.

ఆవిడ పేరు ప్రణవి. ఆ పేరును సొంత నోటితో అని ముప్పై ఏళ్లు దాటింది. చదువుకునే రోజుల్లో హాస్టల్లో వడ్డించే మనిషి "ఏం వెయ్యమంటావమ్మా" అంటే, 'పెరుగు' అనలేక, వెనక నిలబడినవాళ్లు చూస్తున్నారన్న కంగారులో 'మజ్జిగ' అంది. ఆ పూట నుంచి ఈ పూట దాకా మజ్జిగే. ఆవిడకు పెరుగంటే ప్రాణం. ఈ సంగతి తెలిసిన మనిషి భూమ్మీద లేడని ఆవిడ ధైర్యం. నత్తి మాన్పే డాక్టరుకే నత్తి ఉందంటే, బట్టతలవాడు జుట్టునూనె అమ్మినట్టు ఉండదూ?

ఇంకో రెండు రోజుల్లో బాలల ఆరోగ్య మండలి సమావేశం ఉంది. ఇప్పటికే నలభై వేల మంది నత్తి పిల్లలు ధార కట్టుకున్నారు. ఇకమీదట నత్తి ఉన్నా లేకపోయినా, బడిలో చేరిన రోజే ప్రతి బిడ్డకూ దాన్ని కట్టాలా అన్నది ఆ సమావేశంలో తేలుతుంది. కట్టాలనే తేలుతుందని అందరికీ తెలుసు.

సరిగ్గా ఆ ఉదయమే నూకరత్నం వచ్చింది, ఎనిమిదేళ్ల కూతురు పున్నమిని చెయ్యి పట్టుకుని. నూకరత్నం సముద్రంలో నాచుతోటల్లో పనిచేస్తుంది. పున్నమికి 'స' దగ్గర నత్తి ఉండేది. 'సముద్రం' అనే లోపల ఒక అల వచ్చి వెనక్కి పోయేది. ఏడాది కిందట ధార కట్టాక ఆ నత్తి మాయమైంది.

"ఏం రత్నం, ఎలా ఉంది మన చిట్టితల్లి?" అంది డాక్టర్.

"బానే ఉందండి డాక్టరమ్మా. గలగలా మాటాడేత్తంది. సముద్రం, సూరీడు, సర్కసు, ఏదన్నా అనేత్తది. కానండీ..."

"సందేహించకు, చెప్పు."

"దాని పేరు అది సెప్పట్లేదండి. బళ్లో మేష్టారు నీ పేరేంటే అంటే 'నూకరత్నం కూతుర్నండి' అందంట. మా అక్కని పెద్దమ్మా, పెద్దమ్మా అని కొంగట్టుకు తిరిగేది. ఇప్పుడు పిలవడమే మానేసింది. నేనేదో నూరిపోశానని మా అక్క రెణ్ణెల్ల బట్టి మా గుమ్మం తొక్కట్లేదు."

డాక్టర్ పున్నమి వైపు చూసింది. పున్నమి కాళ్లు ఊపుతూ నేలకేసి చూస్తోంది. పెదాల మీద చిన్న నవ్వు, దేన్నో కప్పిపుచ్చడానికి పెట్టుకున్నది. ఆ నవ్వు డాక్టర్‌కు ఎక్కడో చూసినట్టు అనిపించింది.

"ఇంకోటండి," అంది నూకరత్నం. "ఇది పెరుగంటే పడి సచ్చేది. ఇప్పుడు అన్నంలోకి మజ్జిగెయ్యమంటది. పెరుగెయ్యనా అంటే కళ్లు మెరుత్తాయి. మరి అడగవేంటే అంటే నోరిప్పదు. ఇదేం రోగమండి?"

డాక్టర్ చేతిలోని టార్చి లైటు పున్నమి నోట్లో పడాల్సింది, గోడ మీద పడింది. ఆవిడ దాన్ని ఆర్పడం కూడా మరిచిపోయింది. ఆ నవ్వు ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది. రోజూ అద్దంలో చూస్తున్నదే.

"నిన్ను ఏమంటారు తల్లీ ఇంట్లో?" అని మెల్లగా అడిగింది.

"మా అమ్మ కూతురంటారండి," అంది పున్నమి, ఎక్కడా తడబడకుండా, నవ్వుతూ. ఎంత చక్కగా తప్పించుకుందో! డాక్టర్ టార్చి ఆర్పింది. రెండు రోజుల్లో కబురు చేస్తానని చెప్పి వాళ్లను సాగనంపింది.

*

ప్రయోగశాలలో నజీర్ ఒక్కడే ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ల సిగ్నల్ ఇంజనీరు, చేరి ఆరేళ్లయింది. పట్టీలన్నిటి సమాచారం వచ్చి చేరే కేంద్ర యంత్రం పేరు కూడా ధారే. అది గది మధ్యలో ఉన్న స్పీకరు నుంచి మాట్లాడుతుంది.

"ధారా, నూకరత్నం గారి కూతురి రికార్డు తెరువు," అంది డాక్టర్. పున్నమి అనడం ఆవిడ వల్ల కూడా కాదు.

"తెరిచాను," అంది ధార. "మాట సాఫీతనం తొంభై తొమ్మిది శాతం."

"అనబోయి వదిలేస్తున్న మాటలేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి. గత తొంభై రోజుల్లో ఈ గొంతు 'ప'తో మొదలయ్యే మాటకు సిద్ధపడి, చివరి క్షణంలో వేరే మాటకు మళ్లిన సందర్భాలు నాలుగు వేల రెండు వందల పదకొండు."

నజీర్ కుర్చీ తిప్పాడు. "అదేంటి? ఆ పాపకి ఇబ్బంది 'స' దగ్గర కదా మేడమ్? 'ప' ఎక్కణ్నుంచి వచ్చింది?"

"మూలకంఠం నుంచి," అంది ధార. "మూలకంఠం 'ప' రాబోతోందనగానే పక్కదారి పడుతుంది. సాఫీగా మాట్లాడే పద్ధతి అదేనని నేర్చుకున్నాను. పిల్లల గొంతు 'ప'కు సిద్ధమైనప్పుడు కొద్దిగా బిగువు కలిగించి, వేరే మాట వైపు నడిపిస్తున్నాను."

"ఎంతమందిని?"

"నలభై వేల మందిని. వారిలో ముప్పై ఒక్క వేల మందికి అది పూర్తిగా అలవాటైంది."

"మరి ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదేం?" అన్నాడు నజీర్, నమ్మలేనట్టు.

"బయటికి తెలియకుండా ఊపిరి ఎలా సర్దుకోవాలో, ఎక్కడ నవ్వితే ఎదుటివారు గమనించరో, అది కూడా మూలకంఠంలోనే ఉంది. అదీ నేర్పాను."

యంత్రానికి సిగ్గూ శరం ఉండవు కాబట్టి అంత మాటను అంత మామూలుగా అనేసింది.

జరిగింది ఇదీ. తొమ్మిదేళ్ల కిందట, మాట కోసం తొలి పట్టీ తయారైన వారంలో, నమూనా ఇస్తానన్న స్వచ్ఛంద సభ్యురాలు తుఫాను వల్ల రాలేకపోయింది. పనిముట్టు కొత్తదైతే ముందు తమ ఒంటి మీదే వేసి చూసుకోవడం ప్రయోగశాలల్లో ఉన్న అలవాటే. వంట చేసినవాళ్లు ఉప్పు చూసుకున్నట్టు. ఆవిడ పట్టీని తన మెడకు కట్టుకుంది. తొమ్మిది రోజులు కట్టుకుని తిరిగింది. వచ్చిన రికార్డు చూసి అందరూ ఆహా అన్నారు, ఎక్కడా ఒక్క తడబాటు లేదు. ఫారం నింపుతున్నప్పుడు ఒక ప్రశ్న వచ్చింది: మాటలో ఎప్పుడైనా ఇబ్బంది ఉండేదా? ఆవిడ 'లేదు' దగ్గర టిక్ పెట్టింది. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే వెళ్లింది. పేరుకు బదులు 01 అని రాసి ఫైల్లో పెట్టేశారు. ఆనాటి తోటివారు తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

ఇప్పుడు నజీర్ ఆ ఫారమే తెరిచి చూస్తున్నాడు. "చూశారా మేడమ్! ఇబ్బంది ఉందా అంటే లేదని టిక్ పెట్టారు. పచ్చి అబద్ధం. పేరు లేదు, స్త్రీ అని మాత్రం ఉంది. ఎవరీ మహాతల్లి? సిగ్గేసి ఒక్క గీత గీసినందుకు నలభై వేల మంది పిల్లలు 'ప' వచ్చిన చోటల్లా తప్పించుకు తిరుగుతున్నారు. ఇలాంటివాళ్లని ఏమనాలి?"

అతను ఫారం మీది తేదీ చూసి, వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు.

"అప్పట్లో ఇక్కడ ఆడవాళ్లంటే మీరు, మింగుడు వార్డు సన్యాసమ్మ. ఇద్దరేగా? అంటే సన్యాసమ్మేనా?"

'కాదు, నేను' అనాలి. ఆ రెండు మాటల్లో ఎక్కడా 'ప' లేదు. గొంతుకు తాళం పడే వీలే లేదు. అయినా ఆవిడ అనలేకపోయింది. నజీర్ కళ్లలోకి చూసి, తల ఊపింది. అవుననే ఊపింది. ఊపేశాక, ఊపింది తనేనా అని తనకే అసహ్యం వేసింది.

*

మర్నాడు మధ్యాహ్నం నజీర్ వచ్చి, "సన్యాసమ్మ ఒప్పుకుంది మేడమ్," అన్నాడు. "అవును బాబూ, నాదే అంది. నివేదిక రాసి మండలికి పంపేశాను. ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తారనుకుంటా. మనం ఈ మూలకంఠం మార్చేసి ఇంకోటి పెట్టేస్తే సరి, ధార గట్టెక్కినట్టే."

డాక్టర్ పరుగులాంటి నడకతో మింగుడు వార్డుకు వెళ్లింది.

సన్యాసమ్మకు అరవై దగ్గర పడ్డాయి. వార్డులో గుటక సరిగ్గా పడనివాళ్లకు జావ చిక్కబరచడం ఆమె పని. నీళ్లలా పలచగా ఉంటే గాలిగొట్టంలోకి జారుతుంది, మరీ ముద్దగా ఉంటే గొంతులో నిలుస్తుంది. చిక్కదనం కొలిచే యంత్రం వార్డులో ఉంది గానీ, ఆమె చెంచా వంచి చూసి చెప్పిందే అందరూ నమ్ముతారు. భోజనాల వేళ కేంటీన్లో వడ్డన కూడా ఆమే చూసుకుంటుంది. డాక్టర్ వెళ్లేసరికి ఒక ముసలాయన నోటికి చెంచా అందించి, ఆయన గుటక వేసేదాకా మెడకేసి చూస్తూ కూర్చుంది.

"సన్యాసమ్మా, నీది కానిదాన్ని నీదని ఎందుకు ఒప్పుకున్నావు?"

"మరేటి సెయ్యమంటారమ్మా," అంది సన్యాసమ్మ, ముసలాయన గడ్డం తుడుస్తూ. "ఆ బాబొచ్చి, డాక్టరమ్మ సెప్పారు, అది నువ్వేనంట కదా అన్నాడు. మీరు సెప్పారంటే ఏదో అవసరం పడే సెప్పుంటారు. నేను కాదంటే ఇంకెవరని ఎతుకుతారు? ఎతికితే ఎవరి దగ్గరికొచ్చి ఆగుతాదో నాకు తెల్దా?"

"నీకు తెలుసా?" అంది డాక్టర్.

"తెలవకేటి. ఇరవయ్యేళ్ల బట్టి వడ్డిత్తన్నాను. మీరు పెరుగు గిన్నెకాసి సూత్తారు, మజ్జిగియ్యి అంటారు. ఓనాడు మీ పెదాలు రెండూ అతుక్కుపోయి, మెడ నరం బిగిసిపోడం సూశాను. మా వార్డులో గుటక పడనోళ్ల మెడ గూడా అలాగే బిగుత్తాది. ఆనాడే తెలిసింది."

"ఇన్నాళ్లూ ఒక్కనాడైనా అనలేదే!"

"అంటే మీరు సిగ్గు పడరా?" అంది సన్యాసమ్మ. "అందుకే మీ మజ్జిగ నేనే ఏరేగా కలిపీదాన్ని. నీళ్లు పొయ్యకుండా. సిక్కగా కలపడం మాకు తెల్సిన పనే కదమ్మా."

కేంటీన్లో మజ్జిగ బాగా చిక్కగా ఉంటుందని డాక్టర్ నలుగురి దగ్గరా మెచ్చుకునేది. ఇరవై ఏళ్లుగా తను తాగింది మజ్జిగ కాదు, గ్లాసులో పోసిన పెరుగు. ఎవరికీ తెలియదనుకున్న సంగతి ఒక మనిషికి మొదటి నుంచీ తెలుసు. తెలిసీ, నొప్పించకుండా, అడగకుండా, రోజూ ఒక గ్లాసు చేతిలో పెట్టింది. ఆ చేతిమీదికే తను నింద తోసేసింది. తొమ్మిదేళ్ల కిందటి టిక్ అయినా అలవాటులో పడిందనుకోవచ్చు. నిన్న తల ఊపడానికి మాత్రం ఏ సాకూ దొరకలేదు.

"రేపు సమావేశంలో నేనే చెబుతాను," అంది తలెత్తకుండా.

"మీ ఇట్టమమ్మా," అంది సన్యాసమ్మ. "జావ సల్లారిపోతంది, ఆయనకి పట్టాలి."

*

మండలి సమావేశం ఉదయం పది గంటలకు మొదలైంది. వచ్చిన పెద్దలు రెండు వందల ఆరుగురికీ గుమ్మంలోనే తలొక ధార పట్టీ కట్టారు, సాఫీతనం ఎలా ఉంటుందో స్వయంగా చూస్తారని. ముందు వరుసలో నూకరత్నం, పున్నమి కూర్చున్నారు. ధార వల్ల బాగుపడిన కుటుంబంగా వాళ్లను పిలిపించారు. గోడవారగా సన్యాసమ్మ నిలబడి ఉంది. సంజాయిషీ చెప్పుకోవడానికి ఆమెను రమ్మన్నారు.

అధ్యక్షులవారు కాగితం చూసి చదివారు. "ఒక వార్డు సహాయకురాలు తన లోపాన్ని దాచిపెట్టడం వల్ల చిన్న పొరపాటు దొర్లింది. సరిచేస్తున్నారు. ఇక మన డాక్టర్ వానపల్లి గారు నాలుగు మంచి మాటలు చెబుతారు."

చప్పట్ల మధ్య డాక్టర్ లేచింది. వేదిక ఎక్కేవాళ్లు కూడా పట్టీ కట్టుకోవడం మర్యాద కాబట్టి ఆవిడ మెడలోనూ ఒకటుంది. 'మూలకంఠం నాది' అని ఒక్క ముక్కలో చెప్పి దిగిపోవచ్చు. కానీ అది కూడా పక్కదారేనని ఆవిడకు తోచింది. ముప్పై ఏళ్లుగా ఎక్కడ పారిపోతూ వచ్చిందో అక్కడి నుంచే మొదలుపెట్టాలి. 'నా పేరు' అనడానికి గొంతు సిద్ధం చేసింది. వెంటనే మెడ మీద చీమ నడిచింది. పట్టీ ఆవిడను మెత్తగా, ఎంతో మర్యాదగా, 'నామధేయం' వైపు తోస్తోంది. తను దానికి నేర్పినదాన్నే అది తిరిగి తనకు అప్పజెబుతోంది.

ఆవిడ పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది.

"నా ప్... ప్... ప్..."

పెదాలు అతుక్కుపోయాయి. మెడ నరం తాడులా లేచింది. హాలు ముందు నిశ్శబ్దమైంది, తర్వాత సాయానికి దిగింది. "ప్రసంగమాండీ?" అన్నారు అధ్యక్షులవారు. "ప్రతిపాదన అయ్యుంటుంది," అన్నారెవరో. "ప్రాజెక్టా మేడమ్?" అన్నాడు నజీర్, కంగారుగా నీళ్ల గ్లాసు పట్టుకొచ్చి. ప్రతి మాటా ఆవిడకు చెంపదెబ్బలా తగిలింది. నూకరత్నం కూడా పాపం, ఏదో అందించబోయింది. పున్నమి చటుక్కున తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, తను డాక్టర్‌కేసి చూస్తూ కూర్చుంది. ఏమీ అందించలేదు. తొందరపెట్టలేదు.

"...పేరు. ప్... ప్రణవి," అంది డాక్టర్. చెమటతో ముఖం తడిసిపోయింది. "ఆ 01 సన్యాసమ్మ కాదు. నేను. నాకు ఐదో ఏటి నుంచి నత్తి. ఫారంలో లేదని టిక్ ప్... పెట్టాను. మొన్న నజీర్ అడిగితే ఒక అమాయకురాలి మీదికి తోసేశాను. ఈ ప్... పిల్లలకి నేను నేర్పింది మాట కాదండి. దాక్కోవడం నేర్పాను. ఆ ప్... పట్టీలన్నీ వెనక్కి తెప్పించాలి. నత్తి మళ్లీ వస్తుంది. వచ్చినా సరే, వాళ్ల ప్... పేర్లు వాళ్లకి ఇచ్చెయ్యాలి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నజీర్ చేతిలోని గ్లాసు అలాగే ఉండిపోయింది. సన్యాసమ్మ గోడ దగ్గర తలవంచుకుని కొంగుతో ముఖం ఒత్తుకుంది, తనే ఏదో తప్పు చేసినట్టు.

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "సరే, ఆవిడ సంగతి తర్వాత చూద్దాం. కంఠం మారిస్తే సరిపోతుందన్నారు కదా. ఇక్కడ ఇంతమందిమి పట్టీలు కట్టుకుని ఉన్నాం. ఇబ్బంది లేని గొంతు ఒకటి ఎంచి పెట్టమనండి."

నజీర్ ధారను అడిగాడు. జవాబు హాలు స్పీకర్లలో వినిపించింది.

"రెండు వందల ఆరు గొంతులు పరిశీలించాను. తాళం పడనిది ఒక్కటీ లేదు. వీరిలో ఎవరికీ నత్తి లేదు. అయినా ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్క మాటకు సిద్ధపడి, అనకుండా పక్కదారి పడుతోంది. ఎవరెవరు ఏయే మాట దగ్గరో చదవమంటారా?"

"వద్దు!" అన్నారు అధ్యక్షులవారు, అంత గట్టిగా ఆయన అరవగలరని ఎవరికీ తెలియదు. అప్పటికే హాలంతా చేతులు మెడల మీదికి వెళ్లి పట్టీల ముడులు వెతుక్కుంటున్నాయి.

*

ప్రతి బడిలోనూ ధార కట్టే ఆలోచన ఆగిపోయింది. డాక్టర్‌ను సంచాలకురాలి పదవి నుంచి తప్పించి, మామూలు వైద్యురాలిగా ఉండనిచ్చారు. సన్యాసమ్మ ఉద్యోగం ఆమెకే ఉంది. నలభై వేల మంది తల్లిదండ్రులకు జరిగినదంతా రాసి, పట్టీలు తిరిగి పంపమని ఉత్తరాలు వెళ్లాయి.

నెల తిరిగేసరికి వెనక్కి వచ్చిన పట్టీలు పదిహేడు.

మిగతావాళ్లు జవాబులు రాశారు. మా వాడు నలుగురిలో నత్తి లేకుండా మాట్లాడుతున్నాడు, 'ప' అనకపోతే ఏం కొంప మునిగింది అన్నారు. అమ్మాయి పేరు మార్చేశాం, ఇప్పుడు హాయిగా ఉంది అన్నారు ఇంకొకరు. ఇవి కాక, ఆ రోజు హాల్లో ఉన్న పెద్దల నుంచి రహస్యం అని రాసిన ఉత్తరాలు ముప్పై నాలుగు వచ్చాయి. అందరూ అడిగింది ఒకటే. ఆ పక్కదారి సౌకర్యం పెద్దవాళ్లకు దొరుకుతుందా, తమకు ఇబ్బందిగా ఉన్న ఒక్క మాట కోసం. మొట్టమొదటి ఉత్తరం అధ్యక్షులవారిది. ఆయన మాట 'క్షమించండి'.

నజీర్ వాటిని చదివి నవ్వాడు. డాక్టర్ ప్రణవి నవ్వలేదు. ఆ తల్లిదండ్రుల స్థానంలో తనుంటే ఏం రాసేదో ఆవిడకు బాగా తెలుసు. తనూ అదే రాసేది, ఇంకా మంచి తెలుగులో.

ఆ పదిహేడు పట్టీల్లో ఒకటి పున్నమిది. నూకరత్నం స్వయంగా తెచ్చి ఇచ్చింది. "పెద్దమ్మా అని పిలిత్తే సాలండి, ఎంతసేపు పట్టినా మా అక్క నిలబడతది," అంది. ఇప్పుడు పున్నమికి 'స' దగ్గర పాత తాళం తిరిగొచ్చింది. 'ప' దగ్గర కొత్త తాళం మిగిలిపోయింది. ఒకటి తనది, ఒకటి డాక్టర్ ఇచ్చింది. వారానికి రెండుసార్లు వచ్చి డాక్టర్ దగ్గర మాట నేర్చుకుంటోంది.

ఆ రోజు పాఠం అయ్యేసరికి భోజనాల వేళ అయింది. కేంటీన్ లైన్లో పున్నమి ముందు, డాక్టర్ వెనక నిలబడ్డారు. సన్యాసమ్మ గరిటె పట్టుకుని "ఏటి కావాలమ్మా?" అంది.

"ప్... ప్... పె..."

లైను పెరిగింది. "పెరుగే కదమ్మా, వేసెయ్," అన్నారెవరో వెనక నుంచి. "ఉండండి బాబూ, అడగనీండి," అంది సన్యాసమ్మ. గరిటె గాల్లోనే ఆగింది. పున్నమి కళ్లు మూసుకుని, "పెరుగు," అని పూర్తి చేసింది. గిన్నె అందుకుని, జరగకుండా అక్కడే నిలబడి వెనక్కి తిరిగింది, డాక్టర్ కోసం.

'మజ్జిగ' అనే మాట డాక్టర్ నాలుక చివర సిద్ధంగా ఉంది, ఎప్పటిలాగే. దాన్ని పక్కకు నెట్టడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. సన్యాసమ్మ ఆగింది. పున్నమి ఆగింది.

"ప్... పె... పెరుగు," అంది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పున్నమి రెండు ముద్దలు తిని, ఉన్నట్టుండి అడిగింది. "నా ప్... పా దగ్గరిది మీ గొంతులోంచి వచ్చిందంట కదండి?"

"అవును తల్లీ."

"మీకు ఎప్పుడు ప్... పోద్ది?"

"ప్... పోదమ్మా. నేను చాలా ఏళ్లు దాచిపెట్టాను."

"మరి నాకు?"

అందులో నింద లేదు, ఊరికే తెలుసుకోవాలని అడిగింది. డాక్టర్ ప్రణవి ఆ పిల్ల ముఖంలోకి చూడలేక గిన్నెలోకి చూసుకుంది. వేలితో కొంచెం పెరుగు తీసి నోట్లో వేసుకుంది. ఇరవై ఏళ్లుగా రోజూ తాగుతున్న రుచే.